కెమెరా ముందు నవ్వితే ప్రకటనకు ఒప్పుకున్నట్టేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీరు ఒక వ్యాయామ శిక్షణ కేంద్రం నడుపుతున్నారు. వార్షికోత్సవం రోజున మీరు పిలిపించిన ఫోటోగ్రాఫర్ తీసిన వాటిలో ఒక ఫోటో బాగా కుదిరింది. మీ దగ్గర శిక్షణ పొందుతున్న ఒక మహిళ కెమెరా వైపు చూసి నవ్వుతున్న ఫోటో అది. మొదట దాన్ని కేంద్రం లోపల గోడకు పెట్టారు. ఆమె చూసి సంతోషించారు కూడా. రెండేళ్ల తర్వాత అదే ఫోటోను వెబ్‌సైట్ మొదటి పేజీలో, రోడ్డు పక్క హోర్డింగు మీద వేశారు. పక్కన "మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాను" అని ఒక వాక్యం చేర్చారు. ఆమె తీసేయమని రాశారు. ఆమె ఇష్టపడే ఫోటోకు నిలబడ్డారనీ, ఫోటోగ్రాఫర్ హక్కులన్నీ మీకు రాసిచ్చాడనీ, ఆమెను మీరు కించపరచలేదనీ మీ వాదన. పిల్లల బ్యాచ్ ఫోటోలు కూడా ఉన్నాయి కాబట్టి ఇకమీదట సమ్మతి పత్రం ఎలా రాసుకోవాలో చెప్పమన్నారు.

ముందు చేయాల్సింది చెబుతాను, కారణాలు తర్వాత. వెబ్‌సైట్‌లోంచి ఆ ఫోటోను ఈ రోజే తీసేయండి. హోర్డింగు దించమని ఆ సంస్థకు ఈ రోజే రాతపూర్వకంగా చెప్పండి. వాదన గెలవగలమా లేదా అని తేల్చుకున్నాక చేద్దామని ఆగకండి. ఆమె వద్దన్న రోజు నుంచి ఆ ఫోటో బయట ఉన్న ప్రతి రోజూ మీకు వ్యతిరేకంగా పోగవుతుంది. అడిగిన వెంటనే తీసేసిన వారిని చూసే చూపు వేరు, నోటీసు అందాక కూడా ఉంచిన వారిని చూసే చూపు వేరు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. మనవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు, చట్టం మాత్రం చోటును బట్టి మారుతుంది. అందుకని ఒక్క దేశపు చట్టానికే పరిమితం కాకుండా, చాలా చోట్ల చెల్లే సూత్రం పట్టుకుని జవాబిస్తున్నాను. ఆ సూత్రం ఇది: సమ్మతి ఫోటోకు ఉండదు, ఆ ఫోటోను వాడే పనికి ఉంటుంది. ఒకే ఫోటోను నాలుగు పనులకు వాడితే నాలుగు విడి విడి ప్రశ్నలు పుడతాయి. తీయనివ్వడం ఒకటి, దాచుకోనివ్వడం ఒకటి, నలుగురికీ చూపనివ్వడం ఒకటి, దాంతో సరుకు అమ్ముకోనివ్వడం మరొకటి. ఆమె మొదటిదానికి నవ్వుతూ ఒప్పుకున్నారు. గోడ మీద చూసి ఏమీ అనలేదు కాబట్టి రెండోదానికీ, కేంద్రం వరకు మూడోదానికీ ఒప్పుకున్నారని మీరు గట్టిగానే వాదించవచ్చు. నాలుగోదాన్ని ఆమెను ఎవరూ అడగలేదు.

ఈ విభజన నేను ఊహించి చెబుతున్నది కాదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చూడండి. ఒక మహిళ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడడం, చిత్రీకరించడం గురించిన నేరం అది. మీ విషయం ఆ కోవలోకి రాదు, భయపడకండి. కానీ అందులోని ఒక వివరణ మనకు పనికొస్తుంది. చిత్రీకరణకు ఆమె ఒప్పుకుని, ఇతరులకు పంచడానికి ఒప్పుకోనప్పుడు, పంచడం నేరమే అవుతుందని అది స్పష్టంగా చెబుతుంది. తీయడానికి ఇచ్చిన సమ్మతి పంచడానికి చాలదని అత్యంత తీవ్రమైన సందర్భంలో చట్టం నోరు తెరిచి చెప్పిన మాట అది. ఆ ఆలోచనే కాస్త మెత్తగా ప్రకటనల విషయంలోనూ పనిచేస్తుంది.

ప్రకటనల గొడవ కొత్తది కూడా కాదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పిండి మిల్లు ఒక యువతి ఫోటోను ఆమెకు తెలియకుండా తన ప్రకటనలపై ముద్రించి దాదాపు 25,000 కాపీలు అంటించింది. ఫోటో అందంగానే ఉంది. ఆమెను కించపరిచే మాట అందులో ఒక్కటీ లేదు. ఆమె కోర్టుకెళ్తే, ఇలాంటి హక్కు ఏదీ చట్టంలో లేదంటూ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1902లో ఒకే ఒక్క ఓటు తేడాతో దావా కొట్టేసింది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే, 1903లో, ఒక మనిషి పేరును గానీ చిత్రాన్ని గానీ ప్రకటనకో వ్యాపారానికో వాడాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలని శాసనసభ చట్టం చేసింది. ఆ నియమం ఇప్పటికీ ఉంది. కించపరచలేదన్న మీ మూడో వాదనకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. పరువునష్టం వేరు, ఇది వేరు. ఎంత చక్కగా చూపించినా, ఆమె ముఖాన్ని ఆమెను అడగకుండా మీ వ్యాపారానికి వాడుకోవడమే ఇక్కడి ఫిర్యాదు.

మీ హోర్డింగుకు ఇంకా దగ్గరగా వచ్చే కేసు 1905 నాటిది. జార్జియా రాష్ట్రంలో ఒక బీమా సంస్థ ఒక చిత్రకారుడి ఫోటోను ప్రకటనలో వేసి, బీమా చేయించుకుని తాను ఎంతో నిశ్చింతగా ఉన్నట్టు ఆయనే చెబుతున్నట్టుగా కింద మాటలు రాసింది. ఆయన ఆ సంస్థలో పాలసీ తీసుకోనే లేదు, ఆ మాటలు అననూ లేదు. రాష్ట్ర సుప్రీంకోర్టు గోప్యత హక్కును గుర్తిస్తూ ఆయన పక్షాన నిలిచింది. ఆయన నోట లేని మాట పెట్టినందుకు పరువునష్టం వాదనకూ దారి విడిచింది.

మీ వాక్యం గురించి నిజాయతీగా ఒక మాట అడుగుతాను. పన్నెండు కిలోలు తగ్గానని ఆమె ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే ఆ వాక్యం అబద్ధపు సాక్ష్యం అవుతుంది, వినియోగదారులను తప్పుదోవ పట్టించే ప్రకటనల చట్టాలు కూడా మీ మెడకు చుట్టుకుంటాయి. చెప్పి ఉంటే వేరే చిక్కు. బరువు ఎంత తగ్గిందన్నది శరీరానికి, ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం. ఐరోపా డేటా రక్షణ నిబంధన ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక శ్రద్ధ అవసరమైన వర్గంగా చూస్తుంది, మామూలు సమ్మతి దానికి సరిపోదు. ఆమెను నిజంగా నొప్పించింది ఏమిటో కూడా ఆలోచించండి. నవ్వుతున్న ముఖం కన్నా ఆ పన్నెండు కిలోల మాటే ఆమెను ఎక్కువ బాధించి ఉండవచ్చు. ఆ దారిన వెళ్లే తోటి ఉద్యోగులు, బంధువులు అందరూ చదివేలా తన ఒంటి లెక్క రోడ్డు పక్కన రాసి పెట్టడం ఎవరికి ఇష్టమవుతుంది?

ఇక ఫోటోగ్రాఫర్ రాసిచ్చిన హక్కుల సంగతి. చదువుకున్నవాళ్లు కూడా తరచూ పొరబడే చోటిది, కొంచెం వివరంగా చెబుతాను. ఫోటో మీద కాపీరైట్ ఒకరిది, ఫోటోలోని ముఖం మరొకరిది. ఫోటోగ్రాఫర్ తన దగ్గరున్నది మాత్రమే మీకు ఇవ్వగలడు. ముఖం అతని సొత్తు కాదు కాబట్టి ఆమె తరఫున అతను ఇచ్చే అనుమతికి విలువ లేదు. నిజానికి భారత కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నవారే దానికి మొదటి యజమాని. అంటే ఆ కాపీరైట్ మొదటి నుంచీ మీదే అయి ఉండవచ్చు. అయినా ఆమె సమ్మతి అవసరం ఇసుమంతైనా తగ్గదు. 2007లో ఆస్ట్రేలియాలోని ఒక మొబైల్ సంస్థ, ఫోటోలు పంచుకునే సైటులో ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సుతో ఉన్న ఒక టెక్సాస్ అమ్మాయి ఫోటోను బస్ స్టాపు ప్రకటనల్లో వేసింది. ఫోటో తీసినవాడి లైసెన్సు సక్రమంగానే ఉంది. అమ్మాయిని గానీ తల్లిదండ్రులను గానీ ఎవరూ అడగలేదు. కుటుంబం టెక్సాస్‌లో దావా వేసింది. ఆస్ట్రేలియా సంస్థపై అక్కడి కోర్టుకు అధికార పరిధి లేదన్న కారణంతో 2009లో అది వీగిపోయింది. సమ్మతి అక్కర్లేదని మాత్రం ఆ కోర్టు చెప్పలేదు. ఫోటోలు అమ్మే పెద్ద సైట్లు మనుషులున్న ప్రతి వాణిజ్య ఫోటోకూ మోడల్ సంతకం చేసిన పత్రం విడిగా అడగడానికి కారణం ఇదే.

సమ్మతి ఉన్నా దాని హద్దు దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఒక కాఫీ డబ్బా కథ ఉంది. 1986లో ఒక మోడల్ ఒక కాఫీ సంస్థ కోసం ఫోటోలకు నిలబడి 250 డాలర్లు పుచ్చుకున్నాడు. కెనడాలో డబ్బా మీద వాడితే మరో 2,000 డాలర్లు ఇవ్వాలని ఒప్పందం. తర్వాత ఆయన మోడలింగ్ వదిలేసి చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. 2002లో ఒక దుకాణంలో కాఫీ డబ్బా మీద తన ముఖం తనకే కనిపించింది. కొన్నేళ్లుగా ఆ ముఖం దేశదేశాల్లో అమ్ముడవుతోందని అప్పుడు తెలిసింది. జ్యూరీ 1.56 కోట్ల డాలర్లు ఇమ్మంది. పై కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. 2009లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, దావా గడువును ఎప్పటి నుంచి లెక్కించాలన్న ప్రశ్న తేల్చాలంటూ కేసును వెనక్కి పంపింది. ఆ చివరి మొత్తం నిలబడకపోయినా, కాగితం మీద ఉన్న సమ్మతి ఏ దేశానికి, ఏ పనికి, ఎంత కాలానికి అన్న ప్రశ్న ఎంత ఖరీదైనదో ఆ సంస్థకు తెలిసొచ్చింది.

బహిరంగ ప్రదేశంలో తీసిన ఫోటో కదా అని కొందరు అంటారు. మీ వార్షికోత్సవానికి బయటివారు కూడా వచ్చారని రాశారు కాబట్టి దీన్నీ చూద్దాం. ఇందులో దేశాల మధ్య నిజంగానే పెద్ద తేడా ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయిని ఒక ఫోటోగ్రాఫర్ తీశాడు, ఒక కళా పత్రిక ఆ ఫోటో వేసింది. తోటి విద్యార్థులు ఆమెను చూసి నవ్వారు. 1998లో కెనడా సుప్రీంకోర్టు క్యుబెక్ చట్టం ప్రకారం ఆమెకు 2,000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. అదే న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ వద్ద దారిన పోయేవారి ముఖాలు వారికి తెలియకుండా తీసి, గ్యాలరీలో పెట్టి అమ్మిన ఫోటోగ్రాఫర్‌పై అందులో కనిపించిన ఒకాయన దావా వేస్తే, అది కళ, వ్యాపార ప్రకటన కాదు అంటూ 2006లో కోర్టు కొట్టేసింది. దాదాపు ఒకే రకమైన పని, రెండు చోట్ల రెండు ఫలితాలు. అయితే మీకు ఊరట కలిగించేంత తేడా కాదిది. వార్త, కళ, ప్రజాప్రయోజనం విషయాల్లోనే దేశాలు విడిపోతాయి. అమ్మకానికి వాడిన ముఖం దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్ని చోట్లా చట్టం ఒకే వైపు ఒరుగుతుంది.

జర్మనీ చట్టం ఈ హద్దులను బాగా గీసిందని నా అభిప్రాయం. 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు దొంగచాటుగా గదిలోకి చొరబడి శవాన్ని ఫోటో తీశారు. ఆ గొడవ వల్ల పుట్టిన చర్చ చివరికి 1907లో చట్టమైంది. మనిషి చిత్రాన్ని పంచాలన్నా బహిరంగంగా చూపాలన్నా ఆ మనిషి సమ్మతి కావాలి. మరణించాక పదేళ్ల వరకు దగ్గరి బంధువుల సమ్మతి కావాలి. సమకాలీన చరిత్రకు చెందిన చిత్రాలకు, ఒక దృశ్యంలో మనిషి అనుకోకుండా చిన్నగా కనిపించే చిత్రాలకు, సభలూ ఊరేగింపుల చిత్రాలకు మినహాయింపు ఉంది. మీరు తీయించిన సభ మొత్తం కనిపించే ఫోటో ఈ మినహాయింపులోకి రావచ్చు. అందులోంచి ఒక్కరి ముఖం కత్తిరించి పెద్దది చేసిన క్షణం అది సభ ఫోటో కాకుండా పోతుంది. మీ హోర్డింగు మీద ఉన్నదీ అలాంటి ఒక్కరి ఫోటోయే.

భారతదేశంలో 1994లోనే సుప్రీంకోర్టు, ఒక వ్యక్తి పేరునో రూపాన్నో సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడడం గోప్యతకు భంగమని రాజగోపాల్ కేసులో గుర్తించింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కు అన్నారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో గుర్తుపట్టగలిగే ఫోటో కూడా వ్యక్తిగత డేటాయే. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని కూర్చోకండి, పాత తీర్పుల ఆధారంగా దావా వేయడానికి ఆ గడువు అడ్డు రాదు.

ఆ చట్టం దృష్టిలో సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఒక నిర్దిష్టమైన పనికి, విషయం తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావు లేకుండా, ఒక స్పష్టమైన చర్యతో ఇచ్చేది. సమ్మతి తీసుకున్నామని నిరూపించే భారం మీదే. సమ్మతి అడిగే కాగితాన్ని ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగువారికి తెలుగులో ఇవ్వండి, ఇది నా గట్టి సలహా. అర్థం కాని కాగితం మీద పెట్టించిన సంతకం కోర్టులో మీకు అక్కరకు రాదు.

వీటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది 'స్వేచ్ఛగా' అన్నది. 2019లో స్వీడన్‌లో ఒక పాఠశాల, హాజరు కోసం 22 మంది విద్యార్థుల ముఖాలను యంత్రంతో గుర్తించే ప్రయోగం మూడు వారాలు చేసింది. సమ్మతి తీసుకున్నామని చెప్పింది. అక్కడి డేటా రక్షణ సంస్థ ఆ వాదనను ఒప్పుకోలేదు. పాఠశాల మీద ఆధారపడ్డ విద్యార్థి వద్దనే స్థితిలో ఉండడని చెప్పి 2,00,000 క్రోనర్ల జరిమానా వేసింది. మీ కేంద్రంలో చేరే దరఖాస్తు చివర "నా ఫోటోలు ప్రచారానికి వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను" అని ఒక వాక్యం ఇరికించి, సంతకం పెట్టకపోతే చేర్చుకోకపోతే, అది ఈ కోవలోకే వస్తుంది. ఉద్యోగుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యజమాని అడిగితే కాదనడం ఎంత కష్టమో చట్టానికి తెలుసు.

ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడం అంత తేలికగా ఉండాలని ఐరోపా నిబంధన, భారత చట్టం రెండూ చెబుతున్నాయి. వెనక్కి తీసుకునే నాటికే జరిగిపోయిన వాడకం దానివల్ల అక్రమం కాదు. ఆ తర్వాత కొనసాగించకూడదు, అంతే. డబ్బు పుచ్చుకుని ఒప్పందం కుదుర్చుకున్న మోడల్ సంగతి వేరు. అక్కడ ఆధారం ఒప్పందం, దాని షరతులే నడుస్తాయి. ఏడాది పొడవునా ఒకే ముఖంతో ప్రచారం చేయాలనుకుంటే మీ దగ్గర నేర్చుకునేవారిని మొహమాటపెట్టకండి. డబ్బిచ్చి మోడల్‌ను పెట్టుకోండి. మీకూ నిశ్చింత, వారికీ న్యాయం.

ఇప్పుడు సమ్మతి పత్రం. ఇంటర్‌నెట్‌లో దొరికే నమూనాల్లో చాలా వాటిలో ఇలాంటి వాక్యం ఉంటుంది: "ప్రస్తుతం ఉన్న, భవిష్యత్తులో రాబోయే ఏ మాధ్యమంలోనైనా, ఏ ప్రయోజనానికైనా, ప్రపంచమంతటా, శాశ్వతంగా, రద్దు చేసుకోవడానికి వీల్లేకుండా నా చిత్రాన్ని వాడుకునే హక్కు ఇస్తున్నాను." చూడడానికి ఇనుపకోటలా ఉంటుంది. గోప్యత చట్టం కింద సమ్మతిగా ఇది దాదాపు చెల్లదు. నిర్దిష్టమైన పని లేదు, రద్దు చేసుకునే దారి లేదు. ఎక్కువ అడిగినకొద్దీ మీ రక్షణ తగ్గిపోతుందన్న సంగతి చాలామంది గ్రహించరు.

దాని బదులు నేనైతే ఇలా రాస్తాను. "ఫలానా తేదీన జరిగిన కార్యక్రమంలో తీసిన, ఈ పత్రానికి జత చేసిన నా ఫోటోను కింద నేను టిక్కు పెట్టిన పనులకు మాత్రమే వాడుకోవచ్చు." దాని కింద కేంద్రం లోపలి గోడ, కేంద్రం వెబ్‌సైట్, సామాజిక మాధ్యమాల్లోని కేంద్రం ఖాతాలు, అచ్చు కరపత్రాలు, హోర్డింగులు అని ఒక్కోదానికీ ఒక్కో గడి. అన్నీ ముందు ఖాళీగా ఉండాలి, మీరు టిక్కు పెట్టి ఇవ్వకూడదు. తర్వాత: "ఫోటో పక్కన నా పేరు, నేను చెప్పినట్టుగా ఏ మాటలైనా వేయాలంటే ఆ వాక్యాన్ని నాకు చూపించి విడిగా ఒప్పించుకోవాలి. ఈ సమ్మతి ఫలానా తేదీ వరకు. నేను ఎప్పుడైనా ఈ నంబరుకు సందేశం పంపి రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసుకున్నా, అసలు సంతకం పెట్టకపోయినా నా శిక్షణకు ఏ ఆటంకమూ ఉండదు." ఈ చివరి వాక్యమే పత్రానికి ప్రాణం. కాగితం మీద రాస్తే చాలదు, నిజంగా అలా నడుచుకోవాలి. జత చేసిన ఫోటో చూపించడం కూడా ముఖ్యం. రేపు తీయబోయే ఫోటోకు ముందే సమ్మతి తీసుకుంటే, అందులో తాము ఎలా కనిపిస్తారో తెలియకుండానే ఒప్పుకున్నట్టవుతుంది. వీలైనంత వరకు ఎంపిక చేసిన ఫోటో చూపించాకే సంతకం అడగండి.

ప్రతి పత్రానికీ ఒక సంఖ్య వేసి, ఫోటో ఫైలు పేరులోనూ అదే సంఖ్య పెట్టండి. మూడేళ్ల తర్వాత ఎవరైనా రద్దు కోరితే ఏ ఫోటో ఎక్కడెక్కడ వాడారో వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

పిల్లల గురించి ఎక్కువ చెప్పాలి. గ్రీస్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డను, వైద్య సిబ్బంది తప్ప ఎవరూ వెళ్లకూడని విభాగంలో, ఆసుపత్రి తరఫు ఫోటోగ్రాఫర్ ఫోటోలు తీశాడు. తర్వాత వాటిని తల్లిదండ్రులకు అమ్మజూపారు. వారు నెగెటివ్‌లు ఇచ్చేయమంటే ఇవ్వలేదు. ఆ ఫోటోలు ఎక్కడా ప్రచురించలేదు. అయినా ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2009లో ఆ బిడ్డ గోప్యతకు భంగం కలిగిందని తేల్చింది. మనిషి రూపం ఆ మనిషి వ్యక్తిత్వంలో ప్రధాన భాగమనీ, తీసి దాచుకోవడమే సమ్మతి అడగాల్సిన పని అనీ ఆ తీర్పు సారం. మాట రాని పసికందుకు కూడా తన ముఖం మీద హక్కుందని ఇంత సూటిగా చెప్పినందుకు ఆ తీర్పంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అమ్మమ్మలకు కూడా మినహాయింపు లేదు. 2020లో నెదర్లాండ్స్ కోర్టు ఒక అమ్మమ్మను, కూతురు వద్దన్నా సామాజిక మాధ్యమాల్లో పెట్టిన మనవల ఫోటోలు తీసేయమంది. ఆలస్యం చేస్తే రోజుకు 50 యూరోలు కట్టాలంది. ఇంటి అవసరాలకు వాడుకుంటే డేటా చట్టం వర్తించదన్న మాట నిజమే, కానీ ఎవరైనా చూడగలిగే పేజీలో పెట్టినది ఇంటి అవసరం కిందకి రాకపోవచ్చు. భారత చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివారూ పిల్లలే. తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోగలిగినది, కావాలి. ఫ్రాన్స్ 2024 ఫిబ్రవరిలో చేసిన చట్టం, బిడ్డ రూపంపై హక్కును తల్లిదండ్రులిద్దరూ కలిసి కాపాడాలనీ, బిడ్డ వయసును బట్టి బిడ్డ మాటా వినాలనీ చెబుతోంది. మీ దేశంలో ఆ చట్టం లేకపోయినా ఆ పద్ధతి పాటించండి. పన్నెండేళ్ల పిల్లవాడు వద్దంటే, తండ్రి సంతకం చేతిలో ఉన్నా ఆ ఫోటో వాడకండి. పిల్లల ఫోటోతో పాటు పేరు, బ్యాచ్ సమయం వేయకండి. ఏ పిల్ల ఏ వేళకు ఎక్కడ ఉంటుందో లోకానికి చెప్పినట్టవుతుంది. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య కేసులు ఉన్న ఇళ్లలో ఇది నిజమైన ప్రమాదం.

కార్యక్రమంలో "ఇక్కడ ఫోటోలు తీస్తున్నాం" అని బోర్డు పెడితే చాలా అని మీరు చివర్లో అడిగారు. తప్పక పెట్టండి, అది సమాచారం ఇచ్చినట్టు. దాన్ని చూసి లోపలికి వచ్చినంత మాత్రాన ప్రకటనకు ఒప్పుకున్నట్టు కాదు. ఫోటో ఇష్టం లేనివారికి రంగు పట్టీ ఒకటి ఇవ్వండి. ఫోటోగ్రాఫర్ దూరం నుంచే గుర్తుపట్టి వదిలేస్తాడు, ఎవరూ మొహమాటపడి వివరణ ఇచ్చుకోనక్కర్లేదు.

ఆమె తన ఖాతాలో అదే ఫోటో తానే పెట్టుకున్నారన్నారు. భారత డేటా చట్టం, ఒక వ్యక్తి తనంతట తాను బహిరంగపరచిన సమాచారానికి వర్తించదన్నది నిజం. దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి. రూపాన్ని ప్రకటనకు వాడుకోకుండా ఆపే హక్కు ఆ చట్టం వల్ల పుట్టలేదు, ఆ చట్టం తప్పుకున్నా పోదు. ఐరోపాలో అయితే ఈ వాదన అసలే నిలవదు. ఇంటర్‌నెట్‌లో అందరికీ కనిపించే ముఖాలు పోగుచేసి, ముఖాన్ని బట్టి మనిషిని వెతికిపెట్టే సేవ అమ్మిన క్లియర్‌వ్యూ అనే సంస్థకు ఇటలీ, ఫ్రాన్స్ 2022లో చెరో 2 కోట్ల యూరోల జరిమానా వేశాయి. ఇదే సందర్భంలో మరో మాట. మీ దగ్గరున్న ఫోటోలను కృత్రిమ మేధ పరికరాల్లోకి ఎక్కించి కొత్త ప్రకటన చిత్రాలు తయారు చేయించాలనుకుంటే, పాత సమ్మతి ఏదీ దానికి పనికిరాదు. ఆ ముఖంతో ఆమె ఎన్నడూ చేయని పని చేయించినట్టవుతుంది. దానికి విడిగా అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి.

ఆమెకు రాయాల్సిన జవాబు చిన్నదిగా ఉంటే చాలు. ఫోటో ఎక్కడెక్కడ వాడారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో, ఎప్పుడు తీసేశారో, అచ్చయిన కరపత్రాలు ఎన్ని మిగిలాయో, వాటిని ఏం చేశారో రాయండి. వెతుకులాట ఫలితాల్లో పాత బొమ్మ కొన్ని రోజులు కనిపించవచ్చనీ, తొలగించమని ఆ సేవలకు మీరే విన్నపం పంపారనీ చెప్పండి. క్షమాపణ సూటిగా చెప్పండి. "మీకు బాధ కలిగి ఉంటే" అని నసగకండి, బాధ కలిగిందని ఆమె ముందే చెప్పారు. మీ కేంద్రంలో శిక్షణ కొనసాగించాలనుకుంటే ఎప్పటిలా రావచ్చని రాయండి. ఆమె పరిహారం అడిగితే లేదా లాయర్ ద్వారా నోటీసు పంపితే, జవాబు పంపే ముందు మీ ఊళ్లోని లాయర్‌కు కాగితాలన్నీ చూపించండి. ఆ దశ దాటాక ఇలాంటి సాధారణ సలహా సరిపోదు.

ఫోటోగ్రాఫర్‌తో కూడా వచ్చే కార్యక్రమానికి ముందే రాసుకోండి. మీ కోసం తీసిన మనుషుల ఫోటోలను తన పనితనం చూపించుకునే పేజీలో మీ లిఖిత అనుమతి, అందులోని మనిషి సమ్మతి రెండూ లేకుండా పెట్టకూడదు. ఫైళ్లు మీకు అప్పగించాక తన దగ్గర ఎంత కాలం ఉంచుకోవచ్చో తేదీ వేయండి. ఎవరైనా సమ్మతి రద్దు చేసుకుంటే మీరు చెప్పిన వెంటనే అతనూ తన ప్రతులు చెరిపేయాలి. మీరు ఇప్పుడు హోర్డింగు దించినా ఆమె ఫోటో అతని పేజీలో ఇంకా ఉండవచ్చు. ఆమెకు జవాబు పంపేలోపు అది కూడా చూసుకోండి.